బోర్డు మీద రాసిన ప్రశ్న

మా వైద్య విశ్వవిద్యాలయం లైబ్రరీలో నా బల్ల దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ ఒక స్నేహితుడు ఉంటాడు. ఆ స్నేహితుడికి నిద్ర పట్టదు, లేదా మూత్రంలో మంట, లేదా పరీక్ష హాల్లో అడుగుపెట్టగానే గుండె దడ. "నాకు కాదు మేడమ్, మా ఫ్రెండ్‌కి" అంటారు, చెవులు ఎర్రబడుతుండగా. ఇరవై రెండేళ్లలో ఆ స్నేహితుడికి వచ్చిన జబ్బులన్నీ కలిపితే పాపం వాడు ఎప్పుడో పోయి ఉండాలి. నేను మాత్రం ఒక్కసారి కూడా "ఎవరా ఫ్రెండు?" అని అడగలేదు. అడగకూడదు.

మా పద్ధతి ఇది. అడగదలచుకున్నది చీటీ మీద రాసివ్వాలి, పేరు రాయకూడదు. నేను ఆ చీటీ ముందు పెట్టుకుని వైద్య పత్రికలన్నీ గాలించి, పనికొచ్చే వ్యాసాలు ఏరి, కవరులో పెట్టి ఇస్తాను. పని అయ్యాక చీటీ చింపేస్తాను. ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రశ్నలో ఒక్క మాట మార్చకూడదు. రోగి మంట అన్నాడా, నొప్పి అన్నాడా, పొద్దున అన్నాడా, భోజనమయ్యాక అన్నాడా అన్నదాన్ని బట్టి దొరికేవి మారిపోతాయి. ఈ రెండోది నాకు ప్రాణం. దీని మీద ఎవరు దొరికితే వాళ్లకు పాఠం పీకుతాను. మావారు "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నా, "తక్కువైందా, అసలు లేదా? సరిగ్గా చెప్పండి" అంటానని ఆయన అందరికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆ పిచ్చితోనే మంగళవారం పాఠం మొదలుపెట్టాను. పెద్ద తరగతుల్లోంచి ఏడుగురిని ఎంచి, వెనక గదిలో కూర్చోబెట్టి, వ్యాసాలు వెతకడం నేర్పుతాను. నేర్చుకున్నాక వాళ్లు మధ్యాహ్నాలు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని జూనియర్లకు నేర్పుతారు. దీనికి అనుమతి కోసం నేను మూడేళ్లు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను.

ఈ ఏడాది ఆ ఏడుగురిలో మా చెల్లెలి కూతురు ఒకతి. ఇంట్లో పండు అంటాం. లైబ్రరీలో నన్ను "మేడమ్" అంటుంది, మెట్లు దిగగానే "పెద్దమ్మా" అని చేయి పట్టుకుంటుంది. నాకు పిల్లల్లేరు. ఎవరైనా ఎంతమంది అని అడిగితే ఒకమ్మాయి అని చెప్పేస్తాను, పండును తలుచుకునే.

చివరి సంవత్సరం కుర్రాడొకడు ఉండేవాడు. మొదటి ఏడాది నుంచీ రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడని నేనే అతనికి సందేహాలరావు అని పేరు పెట్టాను. సర్జరీ విభాగంలో మా విద్యార్థులకు ఉండే శిక్షణ సీటు ఒక్కటే. వడపోతలన్నీ అయ్యాక ఈ ఏడు జాబితాలో మిగిలింది ఇద్దరు, అతనూ మా పండూ. ఎవరికి వచ్చినా మిఠాయి నేనే పంచుతానని ఇద్దరితోనూ అన్నాను.

ఒక బుధవారం సందేహాలరావు వచ్చి బల్ల మీద చీటీ పెట్టాడు.

"ఫ్రెండ్‌కా?" అన్నాను నవ్వుతూ.

అతను నవ్వలేదు. "అవును మేడమ్" అన్నాడు.

చీటీ మీద ఇలా ఉంది. ఇరవై మూడేళ్ల మగవాడు. ఎడమ చేతివాటం. ఏదైనా పట్టుకోబోయేటప్పుడు వేళ్లు సన్నగా వణుకుతాయి. ఎవరైనా చూస్తుంటే ఎక్కువవుతుంది. తండ్రికి కూడా ఉంది. చేతిపని చేసుకు బతకవచ్చా?

అతను ఆ చీటీని ఎడమ చేత్తోనే పెట్టాడు. వెంటనే ఆ చేతిని జేబులోకి తోసేసుకున్నాడు. నేను చూడనట్టు కళ్లజోడు తుడుచుకున్నాను.

మూడు రోజులు ఆ చీటీ ముందేసుకుని కూర్చున్నాను. అంత శ్రద్ధగా నేను వెతికిన ప్రశ్న ఇంకొకటి లేదు. వందల వ్యాసాల్లోంచి పదకొండు తేలాయి. వణుకు ఉన్నంత మాత్రాన పని మానేయమని వాటిలో ఎక్కడా లేదు. పరీక్ష చేయించుకోవాలి, ఎంత ఉందో కొలవాలి, మందు వేసుకుని మళ్లీ కొలవాలి, అప్పుడు తేల్చాలి. కవరు అందుకుని అతను అక్కడే నిలబడి మొదటి వ్యాసం చదివేశాడు. బిగుసుకున్న భుజాలు సడలాయి.

"వచ్చే నెల ఐదో తారీఖున డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను మేడమ్" అన్నాడు. ఫ్రెండ్ సంగతి మరిచిపోయాడు. "రిపోర్టు తీసుకుని సర్జరీ హెడ్ గారికి నేనే చెప్పేస్తాను. దాచిపెట్టి కత్తి పట్టుకోను. కాకపోతే తెలుసుకుని చెప్పాలి కదా. తెలియకుండా చెప్తే భయపడి చెప్పినట్టుంటుంది."

"అలాగే చెయ్యి బాబూ" అన్నాను. అతని ఎదురుగానే చీటీ చింపేశాను.

మంగళవారం వచ్చింది. పాఠానికి ఏదో ఒక నిజమైన ప్రశ్న కావాలి. నా తల నిండా ఆ ఒక్కటే ఉంది. పేరు లేదు కదా, చీటీ కూడా లేదు కదా అనుకున్నాను. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాను, ఇరవై మూడేళ్లు, ఎడమ చేతివాటం, తండ్రికి కూడా. ఒక్క మాట మార్చలేదు. "చూడండి, ప్రశ్న అంటే ఇలా ఉండాలి" అని మురిసిపోతూ చెప్పాను. గంటసేపు ఒక్కో మాటా విప్పి చూపించాను. అందరికంటే మంచి ప్రశ్నలు వేసింది మా పండే. "చూస్తుంటే ఎక్కువవుతుంది అన్న మాట తీసేస్తే ఏమవుతుంది మేడమ్?" అంది. నా పెంపకం అని లోలోపల ఉప్పొంగిపోయాను.

తొమ్మిది రోజులు గడిచాయి. ఐదో తారీఖు ఇంకా రాలేదు. సందేహాలరావు మధ్యాహ్నం హాలంతా నిండి ఉన్నప్పుడు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఎవరికి చెప్పారు మేడమ్?"

"దేని గురించి?"

"హెడ్ గారు పిలిచారు. నలుగురు డాక్టర్లు కూర్చున్నారు. దారం ఇచ్చి ముడులు వెయ్యమన్నారు. ఒక్కటీ పడలేదు. మీ నాన్నకి కూడా ఉందట కదా అని అడిగారు." గొంతు తగ్గించాడు. "మా నాన్న సంగతి ఈ ఊళ్లో మీకొక్కరికే తెలుసు. జాబితాలోంచి నా పేరు తీసేశారు."

నాకు ఒళ్లు మండింది. అతని మీదే మండింది, అదీ నా బుద్ధి. "ఇరవై రెండేళ్లుగా ఇక్కడ కూర్చున్నాను. నా నోటి నుంచి ఒక్క మాట బయటికి పోలేదు. నన్ను అనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకో" అన్నాను, పక్కవాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా.

అతను వెళ్లిపోయాడు. నేను సాయంత్రం దాకా కంప్యూటర్ల అతన్ని అనుమానించాను, కవర్లు అంటించే ఆవిడను అనుమానించాను, చివరికి తుడిచేవాడిని కూడా.

మర్నాడు సర్జరీ హెడ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మీ మంగళవారం పాఠంలో చర్చించిన ఎడమ చేతివాటం యువకుడి ప్రశ్నను మీ వద్దకు తెచ్చినది మా విద్యార్థేనని తెలిసింది. ధ్రువీకరించగలరు." అవి నేను బోర్డు మీద రాసిన మాటలే. పాఠంలో ఉన్నది ఏడుగురు. ఆ సీటు కావలసింది అందులో ఒక్కతికే.

ఆదివారం పొద్దున్నే చెల్లెలి ఇంటికి వెళ్లాను. చెల్లెలు మార్కెట్‌కు వెళ్లింది. పండు మంచం మీద ఆరిన బట్టలు కుప్ప పోసుకుని మడతపెడుతోంది. నన్ను చూసి, "టీ పెట్టనా పెద్దమ్మా?" అంది.

"హెడ్ గారికి నువ్వే చెప్పావా?"

చేతిలో దిండు గలీబు మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. "చెప్పాను."

నీళ్లు నములుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"అబద్ధం చెప్పానా? చెయ్యి వణుకుతుందా లేదా? రేపు ఎవరి కడుపో కోస్తాడు. ఆ పడుకున్నది మనవాళ్లయితే?"

"అతనే చెప్పబోతున్నాడే! ఐదో తారీఖున పరీక్ష. నాతో అన్నాడు."

"నాకేం తెలుసు? మీరు బోర్డు మీద అది రాయలేదుగా."

"అది అతని రహస్యం కదే. నా దగ్గర పెట్టుకున్నాడు."

"మీ దగ్గర పెట్టుకుంటే మీరేం చేశారు?" అంది నా వంక తిరిగి. "ఎడమ చేతివాటం అని బోర్డు మీద రాసిందెవరు పెద్దమ్మా? మా బ్యాచ్‌లో ఎడమ చేత్తో రాసేది ఒక్కడే. మా ఏడుగురికీ ఆ క్షణమే తెలిసిపోయింది. మీకొక్కరికే తెలియలేదు."

తల కొట్టేసినట్టయింది. ఆ మాట రాయకుండా ఉండవచ్చని నాకు తట్టనే లేదు. కుడి చెయ్యి అని రాస్తే ప్రశ్న పాడైపోతుందని మాత్రం తట్టి ఉండేది.

"సరే, ఒక్కటి చెప్పు" అన్నాను. "జాబితాలో నీ పేరు లేకపోతే కూడా వెళ్లి చెప్పేదానివా?"

పండు ఇంకో చొక్కా అందుకుంది. కాలరు సరిచేసింది, చేతులు వెనక్కి మడిచింది, నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత. దాన్ని కుప్ప మీద పెట్టి ఇంకొకటి అందుకుంది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. దాని మొహంలోకి చూస్తే నాకు పరాయి మనిషిలా అనిపించింది.

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అంది. "హెడ్ గారు నమ్మాలి కదా, అందుకే లైబ్రరీలో మా పెద్దమ్మ చూపించారని చెప్పాను."

సోమవారం జవాబు రాసి నేనే తీసుకెళ్లాను. ఎవరు ఏమి అడిగారో లైబ్రరీ చెప్పదు. అనుమతి లేకుండా ఒక ప్రశ్నను పాఠంలో వాడిన తప్పు నాది. మీకు చెప్పినవారు కూడా ఆ సీటుకే పోటీలో ఉన్నారు, గమనించగలరు. ఈ చివరి వాక్యం రాయడానికి నాకు గంట పట్టింది. రాశాక మాత్రం కొట్టెయ్యలేదు.

హెడ్ గారు చదివి, కాగితం మడిచి, నా చేతికే ఇచ్చారు.

"ఆ అమ్మాయి పోటీలో ఉందని నాకు తెలుసమ్మా. చెప్పినప్పుడే తెలుసు. నాకు కావలసింది చెయ్యి వణుకుతుందా లేదా అన్నది. వణికింది, నేను చూశాను. కాదంటే అతను పదిహేను రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. దానికి రిపోర్టు, ఆధారాలు జతచెయ్యాలి. వెతికిపెట్టడం మీ పనే కదా!"

కిందికి వచ్చేసరికి సందేహాలరావు హాల్లో చివరి కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉన్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నేనే చెప్పాను బాబూ" అన్నాను. "మొన్న నీ మీద కేకలేశాను కానీ, నేనే. మంగళవారం నీ ప్రశ్న బోర్డు మీద రాశాను. ఉన్నదున్నట్టు."

తెర మీంచి చూపు తిప్పలేదు. "ఎంతమంది ఉన్నారు?"

"ఏడుగురు."

"మా నాన్న సంగతి కూడా రాశారా?"

"రాశాను."

తర్వాత అడిగాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "పాఠం బాగా వచ్చిందా మేడమ్?"

బాగా వచ్చింది. ఇన్నేళ్లలో అంత బాగా ఎప్పుడూ రాలేదు.

"అప్పీలుకు ఆధారాలు కావాలట" అన్నాను. "మందు వేసుకున్నాక సర్జన్ల చేతులు కొలిచిన వ్యాసాలు ఉన్నాయి. మొన్న నీ ప్రశ్నకు అవసరం లేదని వాటిని కవరులో పెట్టలేదు. ఒక్క పూట చాలు, తీసి ఇచ్చేస్తాను. ఒక చీటీ మీద..."

"చీటీ వద్దు మేడమ్."

"చీటీ లేకుండానే చేస్తాను."

"మీరు వద్దు" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "నాకు వచ్చినట్టు నేను వెతుక్కుంటాను."

వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను. అక్కడినుంచి అతని తెర కనిపిస్తుంది. వణుకు అని ఒక్క మాట కొట్టాడు. ఎనభై వేల వ్యాసాలు వచ్చాయి. మొదటిది తెరిచాడు, ముసలివాళ్ల మీద. మూసేశాడు. రెండోది ఎలుకల మీద. ఇంకా రెండు మాటలు చేరిస్తే ముప్ఫైకి దిగుతాయి. ఆ రెండు మాటలేమిటో నాకు తెలుసు. అప్పీలుకు పదిహేను రోజులే ఉంది. అతను మూడోది తెరిచాడు. నేను లేవలేదు.