మలుపు దీపం

చాంద్ బాషా చిమ్నీలోకి చెయ్యి దూర్చి బూడిదతో మసి తుడుస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా మునిసిపాలిటీ వీధి దీపాలు వెలిగించిన చెయ్యి అది. అరచేతి గీతల్లో ఇంకిన మసి నమాజుకు ముందు ఎంత కడిగినా పోదు. నిచ్చెన మోసే భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది.

స్టోరు గుమాస్తా కామాక్షయ్య కిరసనాయిలు కొలిచి పోశాడు.

"ఇరవై దీపాలకే ఇది. అద్దకం సందుకు లేదు."

"మా ఇంటిదాని చెవి తెంచి దొంగలు కమ్మ లాక్కపొయ్యింది ఆ సందులోనే గదన్నా."

"ఆ సందోళ్లు ఓట్లు ఎవరికేసినారో ఛైర్మన్ గారినడుగు. నన్నడిగితే ఏమొస్తది?"

బాషా భార్య కరీమున్నీసా గాజులమ్ముకోను మలారం భుజాన వేసుకుని పొద్దున్నే సూళ్లూరుపేట పోతుంది. సాయంత్రం రైలు దిగి ఆ సందులోంచే ఇల్లు చేరాలి. రెండుగా చీలిన చెవి తమ్మె ఇంకా పచ్చి ఆరలేదు.

టీ కొట్టు దగ్గర రోజూ ఉండే తగువే. ఈ పార్టీ వచ్చాకే ఊరు దొంగల పాలైందని ఒకడు. ఆ దొంగల్ని మేపింది మీ పాత పార్టీయేనని ఇంకొకడు.

"నువ్వు చెప్పు బాషన్నా. ఇద్దరి దీపాలూ ఎలిగించినోడివి."

"అప్పుడు రైలుకట్ట పక్క చీకటి. ఇప్పుడు అద్దకం సందు. చీకటి ఈది మారింది, అంతే నాయనా."

అందరూ నవ్వారు. బాషా నిచ్చెన ఎత్తుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఒక్కో దీపంలో ఒక్కో చెంచా తగ్గించి పోస్తూ వచ్చాడు. ఛైర్మన్ ఇంటి ముందు రెండు చెంచాలు తగ్గించాడు. అలా మిగిల్చిన నూనెతో మొలలో దోపుకున్న సీసా సగం నిండింది. ఇన్నేళ్ల నౌకరీలో అదే మొదటి దొంగతనం.

సందు మలుపులో నిచ్చెన వేసి ఎక్కి, సీసా దీపంలోకి ఒంపేసి మళ్లీ మొలలో దోపుకున్నాడు. రైలు కూత వినిపించింది. వత్తి అంటించగానే పదిగజాల మేర నేల కనబడింది.

"ఆర్పెయ్ బాషా."

కింద ముత్యాలయ్య. పాత పార్టీ తరఫున ఓడిపోయిన మనిషి.

"మా ఇంటిది వస్తాండాది ముత్యాలన్నా. దాటుకున్నాక ఆర్పేస్తా."

"రేపు ఈడనే మీటింగు. చీకటి మీద మాట్లాడాల నేను. నువ్వు దీపం పెడితే ఇంకేం మాట్లాడేది?"

బాషా నవ్వి చిమ్నీ బిగించబోయాడు. ముత్యాలయ్య కూడా నవ్వుతూనే నిచ్చెన కాలు తన్నాడు.

చంపాలని కాదు. కాలవ రాతి అంచు కిందపడ్డ బాషా తల వెనక తగిలింది. ముత్యాలయ్య ఒకసారి వంగి చూసి, చేతికర్రతో దీపం పగలగొట్టి, వచ్చిన దారినే పోయాడు.

చీకట్లో మలారం గాజుల చప్పుడు దగ్గరవుతోంది. నిచ్చెన అడ్డం పడి ఉందని చెప్పాలనుకున్నాడు బాషా. నోరు తెరిచాడు, మాట రాలేదు. గాజులు భళ్లున నేల రాలడం విన్నాడు. ఆ తర్వాత ఏమీ వినలేదు.

అతని మొలలో దొరికిన సీసా చూపించి నూనె దొంగ అన్నారు ఛైర్మన్ మనుషులు. మర్నాటి సభలో "ఈ చీకటే మా బాషాను మింగింది" అంటూ ముత్యాలయ్య కళ్లు తుడుచుకున్నాడు. ముందు వరసలో కూర్చోబెట్టిన కరీమున్నీసా అతనికి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

సభ ముగిశాక మలుపు స్తంభానికి తగిలించిన పెట్రోమాక్స్ దీపాన్ని దించుకుని పోయారు. అది తగిలించడానికి వాడిన బాషా నిచ్చెన మాత్రం ఆ స్తంభానికే ఆని ఉండిపోయింది.