కట్ చెప్పని షాటు

రోజూ సాయంత్రం నాలుగింటికి హాలీవుడ్ పక్కనున్న మా బర్బాంక్ ఊరి మీదుగా లైల్ హాస్కెల్ విమానం వెళ్తుంది. మసి పడుతుందని ఆ వేళకి ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు తీసేసుకుంటారు. అతని పెళ్ళాం వెర్నా మాత్రం వాకిట్లో నిలబడి చెయ్యి ఊపుతుంది. అతనూ ఊపుతాడు. ఇరవైమూడేళ్ళుగా ఇదే తంతు.

అప్పట్లో ఇక్కడి స్టూడియోలో ఒక సినిమా తీశారు, ఇంజన్లు ఆగిపోయిన విమానాన్ని దించే పైలట్ కథ. లైల్‌ది పైలట్ వేషం. ఆఖరి షాటులో డైరెక్టర్ క్రూగర్ నిర్మాతతో పోట్లాడి, 'కట్' చెప్పకుండానే విసురుగా వెళ్ళిపోయాడు. కట్ వినపడందే నటుడు ఆగకూడదు కదా, లైల్ ఆగలేదు. సెట్లోని అట్టవిమానం పైకి లేస్తే స్టూడియోవాళ్ళు తలుపులు తీసి దారిచ్చారు.

ఆ సినిమాకి షాటు వివరాలు రాసుకోవడం వెర్నా ఉద్యోగం. ఆ ఒక్క మాట కోసం క్రూగర్ గుమ్మం ఎన్నిసార్లు తొక్కిందో! "షాటు ఇంకా కుదర్లేదమ్మా" అనేవాడు. చెప్పకుండానే చచ్చాడు, వాడి నోట్లో మన్నుపడ!

ఇప్పుడెవరో కుర్రాళ్ళు ఆ కథ కొని కామెడీ తీస్తున్నారట, మాటలు పొల్లుపోకుండా అవేనట. వినగానే వెర్నా స్టూడియోకి బయల్దేరింది. లోపల బొద్దుగా ఉన్న నటుడొకడు మొహం బిగించి, లైల్ మాటే అంటున్నాడు: "నా వెనక యాభైమంది ఉన్నారు. నాకు భయపడే తీరిక లేదు."

చుట్టూ అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతున్నారు.

వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. "కట్!" అని అరిచింది.

"ఎవరమ్మా మీరు? ఆ మాట చెప్పాల్సింది నేను!" అన్నాడు కుర్ర డైరెక్టర్.

"నోర్ముయ్! ఆ మాట వినపడక నా మొగుడు పైన తిరుగుతుంటే, మీకు ఇకఇకలూ పకపకలూనా?"

అంతలో బయట కార్లు నిలిపేచోట విమానం దిగింది. ప్రయాణికుల వేషాల్లో ఉన్న యాభైమంది జూనియర్ ఆర్టిస్టులు భోజనమెక్కడని అడుగుతూ దిగారు. చివర లైల్, మేకప్ కారుతూ.

"షాటు బాగా వచ్చిందా?" అన్నాడు.

"షాటూ లేదు, నీ తలకాయా లేదు. ఇంటికి నడు!"

"కట్ చెప్పింది నువ్వా? మరి ఇన్నాళ్ళూ నీ నోరేమైంది?"

"అది డైరెక్టర్ మాట, నువ్వు అనకూడదన్నారు. నేనూ నమ్మాను. నన్ను చెప్పుతో కొట్టాలి!" అంది వెర్నా.

ఇద్దరూ నడిచారు. ఆమెకి యాభై నాలుగు, అతనికి ఇంకా ఆ షాటునాటి ముప్ఫై రెండే. వీధి మలుపులో ఆమె మోకాళ్ళు పట్టేసి వెనకబడింది.

ఎవరూ చెప్పకుండానే లైల్ ఆగాడు.