ఊకపొగ

అప్పలసూరికి ఎనభై దాటాయి. షుగరు జబ్బు చూపు తినేసింది. పుట్టింది బర్మాలో. నరసన్నపేట దగ్గరి ఊరి నుంచి తండ్రి అక్కడి బియ్యం మిల్లులో కూలికి వెళ్ళి, అక్కడే పిల్లల్ని కన్నాడు. ఆ దేశంలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకు చావడం మొదలయ్యాక అందరూ ఓడెక్కి వచ్చేశారు. రానిది ఒక్క చిన్నతల్లి, అతని అక్క. జ్వరమొచ్చి పోయిందని తల్లి చెప్పింది. చచ్చేదాకా అదే మాట చెప్పింది. కానీ అతనికి పొగ గుర్తుంది. అడిగితే, మిల్లులో ఊక కాల్చార్రా అనేది.

ఆ అంతర్యుద్ధం చరిత్ర తెలుగులో వచ్చిందని విని, కొడుకు ఉమాశంకర్ చేత విశాఖ నుంచి పుస్తకం తెప్పించుకున్నాడు. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక కోడలు అనిత వసారాలో కూర్చుని చదివి పెట్టేది. ఏదో ఒకరోజు తమ మిల్లు ఊరు అందులో వస్తుందని అతని ఆశ. మొదట్లో రాజులు, తెల్లవాళ్ళు, స్వాతంత్ర్యం. ఎప్పుడూ తీరిక దొరకని అనితకి కూడా కథలాగే అనిపించింది.

తర్వాత ఊళ్ళు తగలబెట్టడం మొదలైంది. ఆ పేజీలు విన్నరోజు అతను అన్నం ముట్టలేదు. బీపీ పెరిగింది, మనసుకి కష్టం కలిగే మాటలు చెవిన పడనీయొద్దని డాక్టరు అన్నాడు. దాంతో అనిత చదివేటప్పుడు మాటలు మార్చేది. చంపారు అన్నచోట చనిపోయారని, తగలబెట్టారు అన్నచోట తగలబడ్డాయని. పోయినవాళ్ళు ఎలాగూ పోయారు, తేడా ఏముందని తనకి తనే సర్దిచెప్పుకుంది.

చివరికి ఆ ఊరి పేరు వచ్చింది. అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. అనిత ముందు ఆ వాక్యం మీద కళ్ళు పరిగెత్తించి, గొంతు సవరించుకుని, మిల్లుకి నిప్పంటుకుందనీ కొన్ని కూలి కుటుంబాలు చనిపోయాయనీ చదివింది.

"మిల్లు దానంతట అదే అంటుకున్నాదేటి?"

"అలాగే రాశాడు మావా."

"వారం రోజులై వింతన్నాను. ఇళ్ళు వాటికవే కాలిపోతన్నాయి, మనుషులు ఆళ్ళకాళ్ళే సచ్చిపోతన్నారు. యుద్ధం సదువుతన్నావా, మశూచికం సదువుతన్నావా అమ్మీ?"

అనిత నవ్వబోయి ఆగిపోయింది.

"మాయమ్మా నీలాగే సెప్పీది. ఉన్నదున్నట్టు సదువు."

చదివింది. సాయుధులు మిల్లుకి నిప్పుపెట్టి, బయటికి పరుగెత్తిన కూలీల కుటుంబాలను కాల్చి చంపారు.

ఏ పక్షం వాళ్ళని అడిగాడు. రాయలేదంది. పేర్లున్నాయా అన్నాడు. లేవంది. ఆ ఊరి గురించి ఒక్క వాక్యమే, తర్వాతంతా ఎన్నికలు.

అతను కుడిచేతి మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని ఉన్నాడు.

"నన్ను లాక్కుని పరిగెట్టింది మాయమ్మ అనుకునీవోడ్ని. అమ్మ ముందల పోతన్నాది. నా సెయ్యి పట్టుకున్నది మా అప్ప, సిన్నతల్లి."

అనిత మాత్ర, నీళ్ళు తెచ్చింది. అతను చేత్తో పక్కకి నెట్టేశాడు.

"మొదట్నించి సదువు."

"ఏది మావా?"

"పుస్తకం. ఏది ఆడు రాసిందో, ఏది నీ సొంతమో నాకెలాగ తెలుస్తాది?"

అనిత పేజీలు వెనక్కి తిప్పింది. ఎక్కడి నుంచి మాటలు మార్చిందో ఆమెకే గుర్తులేదు. కొన్నిచోట్ల పుస్తకం రాసినవాడే, ఎవరు చంపారో చెప్పకుండా, మరణించారని రాసి ఊరుకున్నాడు. మొదటి పేజీ తీసి చదవసాగింది. మొట్టమొదటి చావు దగ్గరే అతను ఆపాడు. ఆ మాట ఎక్కడుందో చూపించమని చెయ్యి చాచాడు. అనిత అతని వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టింది. సరిగ్గా దానిమీదే పెట్టింది. అతను కాగితాన్ని అటూ ఇటూ తడిమి, వేలు వెనక్కి తీసుకున్నాడు.

"సదువు," అన్నాడు, నమ్మనివాడి గొంతుతో.