వదిన పంపిన ఫైలు

నరసరావుపేటలో తిరుపతమ్మది జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ కుట్టే కొట్టు. కుట్టేది మిషనే అయినా, ఎక్కడ ఏం కుట్టాలో దానికి చెప్పేది కంప్యూటర్. ఏళ్ల తరబడి ఆమె కళ్లు లాగేసేలా గీసుకున్న నెమళ్లూ మామిడి పిందెలూ అన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోతే కొట్టు ఉన్నా లేనట్టే. ఇంకోచోట కాపీ దాచుకోవాలన్న బుద్ధి మాత్రం మహాతల్లికి ఏనాడూ పుట్టలేదు.

డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ పాతబడి మొరాయిస్తుంటే, శావల్యాపురంలో ఇదే పని చేసే వదిన నాంచారమ్మ కొత్తది ఫోన్లో పంపింది. తిరుపతమ్మ సంబరంగా దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి నొక్కబోయింది. అప్పుడే పక్క కొట్టు అంజుమ్ దారం కండెల కోసం వచ్చింది.

"ఆగక్కా! కంపెనీదో కాదో చూసుకోకుండా నొక్కుతావేంది?"

"మా వదిన పంపిందే. ఆమె వండిన కూర కుక్కకి పెట్టి చూసి తింటానా?"

"ఆమెని కాదక్కా, ఫైలుని చూద్దాం. ఆమెకి మాత్రం ఎవరో పంపిందేగా."

వదినని అనుమానించిందన్న మాట పుట్టింటికి చేరితే ఇంకేమన్నా ఉందా? తిరుపతమ్మ మూతి ముడుచుకుంది. అంజుమ్ అదేం పట్టించుకోకుండా కంపెనీ వెబ్‌సైట్ తెరిచి, ఆ ఫైలుకి వాళ్లిచ్చిన వేలిముద్ర చూపించింది. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి వరుస అది. ఫైలుని ఎవరు రవ్వంత కెలికినా ఆ వరుస మారిపోతుందట. తర్వాత వదిన పంపిన ఫైలు వేలిముద్రని కంప్యూటర్ చేతే తీయించింది. రెండూ పక్కపక్కన పెడితే మొదటి అక్షరమే కలవలేదు.

వదినకి ఈ మాట ఎలా చెప్పాలా అని తిరుపతమ్మ మథనపడుతుండగానే ఫోన్ మోగింది. అవతల నాంచారమ్మ ఏడుస్తోంది.

"తిరుపతా, దాన్ని నొక్కావా? నేను పొద్దున నొక్కానే. ఇప్పుడు చూస్తే డిజైన్లన్నిటికీ తాళం పడింది. డబ్బు కడితేగానీ తెరవరంట!"

"లేదు వదినా, నొక్కలా. అంజుమ్ నొక్కనీలా."

"అమ్మయ్య! నా కొంప ఎట్టాగూ మునిగింది. నా చేత్తో నీది కూడా ముంచానేమోనని చచ్చిపోయాననుకో. ఆ పిల్ల చల్లగుండాల!"

సర్వం పోగొట్టుకున్న మనిషి నోట అమ్మయ్య అన్న మాట వినేసరికి తిరుపతమ్మకి కన్నీళ్లు ఆగలేదు. తను ఇందాక మూతి ముడిచింది ఎవరి మీదో గుర్తొచ్చి, అంజుమ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏడవబాక వదినా. నా దగ్గరున్నయ్యి నీయి కావా? మొత్తం పట్టుకుని రేపు పొద్దున్నే వస్తన్నా. అంజుమ్‌ని కూడా తీసుకొస్తా."