మడుగులో కొబ్బరిచిప్ప

ఏరికోరి ఏరుకున్న ఏరు నాది. మేముండే ట్రాయ్ ఊరి నుంచి ఉత్తరానికి నాలుగు గంటల డ్రైవ్, ఆపైన మంచు బురదలో ఇరవై నిమిషాల నడక. ఏరు వంపు తిరిగే చోట ఓ బల్లపరుపు బండ, దాని కింద నల్లటి మడుగు. మార్చి నెలలో పెద్ద సరస్సులోంచి ఎదురీదుకుంటూ వచ్చే స్టీల్‌హెడ్ చేపలు ఆ మడుగులో ఆగి ఊపిరి తీసుకుంటాయి. ఆ సంగతి తెలిసిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా. ఆవిడ పేరు స్రవంతి. ఇంట్లో ఒక ప్రవాహం ఉండగా ఇంకో ఏరెందుకని అడుగుతుంది. ఆ ఏరు నా మాట వింటుందని నేను పైకి అనను.

ఇక ఫణికుమార్. మా ఆఫీసే, నాకన్నా పదేళ్ళు చిన్న. ఫ్లై ఫిషింగ్ నేర్పింది నేనే. ఈకతో ఈగను కట్టి, ఆ ఈగను ఏట్లోకి విసిరి, అది ఈగ కాదని చేప తెలుసుకునేలోగా కొక్కెం దిగేలా చూడటం, అదీ విద్య. ఈకకీ ఈగకీ తేడా తెలియనివాణ్ణి రెండు శీతాకాలాలు మా బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి నేర్పాను. ఒక్కటే షరతు: నా మడుగెక్కడో అడక్కూడదు. అడిగాడు. వారం వారం అడిగాడు. ఓసారి హైవే మీద నా కారు వెనకాలే డెబ్బై మైళ్ళు వచ్చాడు. నేను ఎగ్జిట్ తీసుకుని ఇంటికి తిరిగొచ్చేశాను. ఆ రోజు నుంచి మాటల్లేవు. పేరులోనే పాముందని ముందే చూసుకోవాల్సింది.

ఈ మార్చి ఆఖరి శనివారం పొద్దున, ఏటా చేసినట్టే, బండ మీద కొబ్బరికాయ పెట్టి, దానికి పసుపూ కుంకుమా పూసి కొట్టాను. కొత్త కారుకి కొడతాం, కొత్త ఇంటికి కొడతాం, తొమ్మిదేళ్ళుగా ఒక్క స్టీల్‌హెడ్డునీ ఒడ్డుకు లాగని గాలానికి కొట్టమా? అవును, ఒక్కటి కూడా. తగిలినవి ఏడు, తెంపుకుపోయినవి ఏడు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఓ చిప్ప జారి ఏట్లో పడింది. పడవలా తేలుతూ వెళ్ళిపోయింది. పోతే పోయిందనుకున్నాను.

గంట తరవాత, ఛాతీదాకా రబ్బరు పంట్లాం తొడుక్కుని, నీళ్ళకి ఎదురు నడుస్తూ ఫణి వచ్చాడు.

"నమస్తే పాపయ్యన్నా. సైట్ బాగుంది."

"నీకెవడు చెప్పాడ్రా?"

జేబులోంచి కొబ్బరిచిప్ప తీసి చూపించాడు. పసుపింకా పోలేదు.

"కింద బ్రిడ్జి దగ్గర గాలం విసురుతున్నా. ఇది తేలుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. ఈ మంచులో కొబ్బరికాయ కొట్టే మహానుభావుడెవరా అని ఆలోచించా. అడ్రస్ నువ్వే పోస్ట్ చేశావన్నా."

చిప్ప చేతికి రావడమంటే ఏమిటో వాడి చేతిలో చూసి తెలుసుకున్నాను.

"చెప్పా పెట్టకుండా వచ్చి నా చేపా పట్టుకుపోదామనా? ఫో అవతలికి."

"ఏరు స్టేట్‌ది. నీ పేరున రిజిస్టర్ చేయించావా?"

"మడుగు నాది."

"ఈ మడుగు కోసం రెండేళ్ళు నీకు మడుగులొత్తా. ఇంక నావల్ల కాదు. ఇవాళ తేల్చుకుందాం. ముందు ఎవరికి చేప పడితే మడుగు వాళ్ళది. రెండోవాడు మళ్ళీ ఇటు రాకూడదు."

ఏడుకి ఏడూ పోగొట్టుకున్నవాడు ఒప్పుకోకూడని పందెం. కానీ వాడి నవ్వు చూశాక నా నోరు నా మాట వినలేదు. "రా" అన్నాను.

వంతులవారీగా విసిరాం.

"ఏంటన్నా ఆ లైను? బట్టలారేసే తాడులా ఉంది."

"నేర్పినవాడికే నేర్పకు."

"నేర్పినవాడికి ఎన్ని పడ్డాయో ఆఫీసంతా తెలుసులే."

పన్నెండింటికి వాడి రాడ్డు విల్లులా వంగింది. మూరన్నర పొడవు, వెండి ఒళ్ళు, పక్కన గులాబీ చార. రెండుసార్లు గాల్లోకి లేచింది. తెంపుకో తల్లీ, తెంపుకో అని లోలోపల దణ్ణాలు పెట్టాను. నావన్నీ తెంపుకుపోయాయా, ఇది మాత్రం బుద్ధిమంతురాలైంది. పది నిమిషాల్లో వెళ్ళి వాడి వలలో పడుకుంది. దాని మూతికున్న ఈగను చూశాను. ఊదారంగు ఈక, నారింజ దారం. వాడి పుట్టినరోజుకి నా చేత్తో కట్టిచ్చిన ఈగ.

ఫోటో తీసుకుని చేపను వదిలేశాడు. చిప్పను బండ మీద పెట్టాడు.

"ఇది నీదే అన్నా. తీసుకెళ్ళు."

కార్లో హీటర్ పెట్టుకుని, వేళ్ళు కదిలేదాకా ఆగి ఫోన్ తీశాను. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మూడొందల పన్నెండు మంది. మడుగు లొకేషన్ పెట్టి కింద రాశాను: "అద్భుతమైన పిక్నిక్ స్పాట్. బార్బెక్యూకి బల్లపరుపు బండ కలదు. పిల్లలకి బోలెడు గులకరాళ్ళు."

మూడు వారాలకి స్వెట్టర్ విప్పేంత ఎండొచ్చింది. పంతొమ్మిది కార్లొచ్చాయి. స్పీకర్లొచ్చాయి. క్రికెట్ బ్యాటొచ్చింది. నేనూ వెళ్ళాను. మళ్ళీ రానన్న మాట గాలానికి సంబంధించింది. నా చేతిలో ఉన్నది పులిహోర డబ్బా.

"తొమ్మిదేళ్ళు దాచింది ఇదా?" అంది స్రవంతి. "నీళ్ళేగా!"

ఆ నీళ్ళ మధ్య ఫణి ఒక్కడే రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి చుట్టూ గులకరాళ్ళు టపటపా పడుతున్నాయి. ఎవరిదో పాప, ఆద్య అట, పిడికిలంత రాయి పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, ఫిష్ ఎక్కడ ఉంటది?"

"బండ కింద, నల్లగా ఉన్నచోట."

రాయి సరిగ్గా అక్కడే పడింది. నీళ్ళలో వెండి మెరుపొకటి పక్కకి తిరిగి, మలుపు దాటి మాయమైంది.

ఫణి లైను చుట్టేసుకుని ఒడ్డెక్కి నా ముందు నిలబడ్డాడు.

"తృప్తేనా?"

"కడుపు నిండింది."

"నీ మొహం చూస్తే అలా లేదు" అని వెళ్ళిపోయాడు.

ఆద్య ఇంకో రాయి తెచ్చింది. "ఇప్పుడెక్కడ అంకుల్?"

మడుగులో నాకు తెలిసిన చోటు అదొక్కటే. మళ్ళీ అక్కడే చూపించాను.