ముందు మీ తాతకు గుచ్చు

మిర్యాలగూడలో అంజయ్య సేటు రైస్ మిల్లుకు వడ్లు తెచ్చిన రైతు ఎవరైనా సరే, కాంటా అయ్యేలోపు ఆయన మనవడి డాక్టరీ చదువు గురించి వినక తప్పదు. మనవడు సాత్విక్ జార్జియాలో నాలుగో సంవత్సరం వైద్యం చదువుతున్నాడు. అంజయ్య చెప్పుకునేదాన్ని బట్టి చూస్తే మాత్రం, వాడు వచ్చిందాకా అక్కడి పెద్ద డాక్టర్లు ఆపరేషన్ థియేటర్ తలుపే తీయరు.

"మా వోడు పొద్దుగాల లేస్తె వంద మందికి నెత్తురు తీస్తడు. గా దేశం మనుషులకు నరాలు దొరుకుడే కష్టం. మా వోడు కండ్లు మూసుకొని పడ్తడు" అనేవాడు అంజయ్య. రైతులు తలూపేవారు. బస్తాలు ఇంకా కాంటా మీదే ఉన్నాయి కదా, తలూపక ఏం చేస్తారు.

అసలు సంగతి సాత్విక్ ఒక్కడికే తెలుసు. అతను ఇంతవరకు ఒక్క మనిషికీ సూది గుచ్చలేదు. ప్లాస్టిక్ చేతికి గుచ్చాడు. ఆ చెయ్యి ఎన్నిసార్లు గుచ్చినా కిక్కురుమనేది కాదు. వార్డులో మాత్రం పరాయి దేశం కుర్రాడు సూది పట్టుకుని దగ్గరికి రాగానే ముసలమ్మలు చేతిని దుప్పటి కిందికి లాక్కునేవారు. వాళ్ల భాషలో నీళ్లు, నొప్పి, ధన్యవాదాలు అనే మాటలు అతనికి వచ్చు. వాటితో ఏ చెయ్యీ దుప్పటి బయటికి రాలేదు. ఈ సెలవులు అయిపోయి తిరిగి వెళ్లగానే అక్కడ పాఠాలు ఇక పూర్తిగా వార్డుల్లోనే. చదువు పూర్తయినా తన చేతిని ఎవరూ నమ్మరేమోనని సాత్విక్ నిజంగానే భయపడ్డాడు.

అందుకే ఈ సెలవుల మీద గంపెడాశ పెట్టుకున్నాడు. మన ఊరు, మన భాష, మన మనుషులు. సూర్యాపేటలో డాక్టర్ కల్పనకు చిన్న దవాఖాన ఉంది. తన పక్కనే నిలబడి, తాను చూస్తుండగా నేర్చుకునేటట్టయితే రమ్మందామె. సాత్విక్ రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో వెళ్లి వచ్చేవాడు. కొన్నాళ్లు చూడడమే సరిపోయింది. చివరికి ఒకరోజు కల్పన "ఇగ నువ్వు తియ్యి, నేను పక్కనే ఉంట" అని సిరంజి చేతికిచ్చింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది ఐలమ్మ. ఆత్మకూర్ (ఎస్) మనిషి. గొర్లు ఉన్నాయి, కొంచెం వరి కూడా వేస్తుంది. కళ్లు తిరుగుతున్నాయంటే కొడుకు నర్సింహ బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు.

"అమ్మా, శాంపిల్ తీయాలె. చెయ్యి ఇట్ల పెట్టు" అన్నాడు సాత్విక్ ఎంతో మర్యాదగా.

శాంపిల్ అనగానే ఐలమ్మ చాపిన చెయ్యి మడిచింది.

"ఎవరి పిలగానివి నువ్వు?"

"మిర్యాలగూడ. రైస్ మిల్లు అంజయ్య మనవణ్ణి."

"గట్ల సెప్పు!" అంది ఐలమ్మ, బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ వినబడేటట్టు. "మా వడ్ల బస్తాకు మీ తాత గిట్లనే గుచ్చుతడు. శాంపిల్ అనే అంటడు. ఇనుప గొట్టం బస్తాల దింపి, గింజలు పట్టుకొని లోపలికి పోతడు. లోపల ఏం సూస్తడో దేవునికెరుక. బయటికొచ్చి తేమున్నదంటడు, తరుగని తూకం కోస్తడు. ఇప్పుడు నువ్వొచ్చి నా నెత్తుర్ల తరుగు తీస్తవా?"

బెంచీలన్నీ గొల్లున నవ్వాయి. సాత్విక్ చెవులు ఎర్రబడ్డాయి. నర్సింహ తల్లి భుజం పట్టుకుని "ఊకోయే అమ్మా, జర మెల్లగ" అని బతిమాలాడు.

"నేను మేడంకు వద్దంటున్ననా? మేడం తీస్తె ఇస్త. ఈ పిలగానికియ్య. ఇయ్యాల్నంటే ముందు మీ తాతకు గుచ్చు. నా కండ్ల ముందట గుచ్చు. అప్పుడు సూద్దం."

నవ్వాపుకుంటూ కల్పనే రక్తం తీసింది. మందులు రాసి, వచ్చే మంగళవారం మళ్లీ పరీక్ష చేయాలని చెప్పింది. అంతటితో పోయిందనుకున్నాడు సాత్విక్. ఎక్కడ పోతుంది! మర్నాటి నుంచి దవాఖానకు వచ్చిన ప్రతి మనిషీ అతని చేతిలో సూది చూడగానే "ఏమైంది, మీ తాత వచ్చిండా?" అని అడగడమే. చివరికి వడ్ల బస్తా ముఖం ఎరగని సెల్‌ఫోన్ షాపు పవన్ కూడా, చొక్కా చేతులు కిందికి దించేసుకుని "మీ తాత అయినంకనే అన్నా" అన్నాడు.

సాత్విక్‌కు ఒళ్లు మండింది. అక్కడేమో పరాయివాడని చెయ్యి ఇవ్వరు. ఇక్కడేమో ఎవరి మనవడో తెలిసిందని ఇవ్వరు. ఇంక తనకు చెయ్యి ఇచ్చే ఊరు ఎక్కడుందని వెతుక్కోవాలి?

సోమవారం పొద్దున ఇక దాచలేక ఐలమ్మ పెట్టిన మెలిక ఇంట్లో చెప్పేశాడు. నానమ్మ స్వరాజ్యలక్ష్మి పుట్టిల్లు ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ. పెళ్లై వచ్చి ఇన్నేళ్లయినా ఆమె మాటలో ఆ తీరు పోలేదు.

"దానికేముందండీ, రేపు ఒకసారి వెళ్లి చెయ్యి ఇచ్చి రండి. పిల్లాడి చదువు కదా" అంది భర్తతో.

"పోత. అదెంత పని" అన్నాడు అంజయ్య, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని.

స్వరాజ్యలక్ష్మి టీ పెట్టి తెచ్చేసరికి పేపరు కుర్చీలో ఉంది, మనిషి లేడు. కోదాడలో అర్జెంటు పని పడిందని మిల్లులో చెప్పి వెళ్లాడట. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

అంజయ్యకు సూది అంటే చచ్చేంత భయం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. షుగర్ పరీక్ష చేయించుకోమని స్వరాజ్యలక్ష్మి ఎన్నేళ్ల నుంచి పోరుతున్నా "నాకేం రోగం, కాకరకాయ తింటున్న గద" అని తప్పించుకునేవాడు. కాకరకాయ తినేది నిజమే. దాని వెంట నాలుగు పాలకోవాలు తినేదీ నిజమే. అంత తెలివిగల మనిషి దాక్కోవడానికి ఎంచుకున్న చోటు చూడండి, బావమరిది తులసీరాం ఇల్లు!

మధ్యాహ్నానికి కోదాడ నుంచి ఫోను వచ్చింది. "అక్కా, బావగారొచ్చారు. పనేం లేదంట, ఊరికే కూర్చుని టీవీ చూస్తున్నారు. ఇంట్లో ఏమన్నా గొడవా?"

"గొడవేం లేదురా. మేము వచ్చేదాకా కదలనివ్వకు. కోవా తెప్పించి ముందు పెట్టు, ఆయనే కదలరు" అంది స్వరాజ్యలక్ష్మి.

సాయంత్రం ఆమె, సాత్విక్ కారులో కోదాడ చేరారు. వాళ్లను చూసి అంజయ్య చేతిలో సగం కొరికిన కోవాను పళ్లెంలో పెట్టేశాడు.

మర్నాడు పొద్దున సూర్యాపేట బయల్దేరారు. స్వరాజ్యలక్ష్మి ముందు సీట్లో డ్రైవర్ పక్కన, తాతా మనవళ్లు వెనక. కిటికీలోంచి బయటికి చూస్తూ, అంజయ్య గొంతు తగ్గించి అన్నాడు.

"నాకు సూదంటే భయంరా సాత్వి."

"నాకు గూడ భయమే తాత. నేను ఇప్పటిదాక ఎవ్వరికీ గుచ్చలే."

"గదేందిరా, వంద మందికి..."

"వంద మంది లేరు, ఒక్కరు లేరు. గాడ నన్ను ఎవరూ ముట్టనియ్యరు తాత. ఇయ్యాల తప్పితే నాకు ఇగ రానే రాదేమో అనిపిస్తుంది."

అంజయ్య మనవడి ముఖం వైపు అలాగే చూస్తుండిపోయాడు. మునగాల దాటాక చొక్కా చెయ్యి పైకి మడవడం మొదలుపెట్టాడు, దవాఖాన ఇంకా చాలా దూరం ఉన్నా.

"అయితే బోణీ నాతోనే అన్నట్టు. కానియ్యి."

మిల్లు తెరిచిన రోజు నుంచి బోణీ బేరం పోగొట్టుకోని మనిషి ఆయన. ఆ మాట ఆయన నోట వినగానే సాత్విక్‌కు కళ్లు చెమ్మగిల్లాయి.

రాత్రి సాత్విక్ కల్పనకు ఫోన్‌లో చెప్పిన మాట పొద్దునకల్లా ఊరంతా పాకింది, దవాఖానలో బెంచీలు ఖాళీ లేవు. రోగం ఉన్నవాళ్లు సగం, అంజయ్య సేటుకు సూది గుచ్చేది చూద్దామని వచ్చినవాళ్లు సగం. ఐలమ్మ స్టూలు ముందుకు జరుపుకుని మరీ కూర్చుంది. అంజయ్య కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. సాత్విక్ రబ్బరు పట్టీ కట్టాడు, నరం తడిమాడు, గుచ్చాడు. రక్తం రాలేదు. సూది కొంచెం కదిపాడు. అయినా రాలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కల్పన పక్కనే ఉండి కూడా చెయ్యి పెట్టలేదు.

సాత్విక్ సూది బయటికి తీసి దూది పెట్టాడు. అందరికీ వినబడేలాగే చెప్పాడు.

"తప్పింది. నరం దొరకలే. తప్పు నాదే. ఇంకో చేతికి చూడాలె తాత. నువ్వు వద్దంటె మేడం తీస్తరు."

అంజయ్య కళ్లు తెరిచాడు. కళ్ల నిండా నీళ్లు. చుట్టూ చూసి, చివరికి ఐలమ్మ దగ్గర చూపు ఆపాడు.

"బస్తాకు ఇంకో దిక్కు గుచ్చి సూడుమని నువ్వు నన్ను అడిగేదానివి కదా ఐలమ్మా."

"అడగని పంట లేదు సేటూ. నువ్వే సూడకపోతివి."

"సూడలే" అన్నాడు అంజయ్య. ఇంక ఏ సాకూ చెప్పకుండా రెండో చెయ్యి చాపాడు. "సూడరా సాత్వి."

ఈసారి సాత్విక్ తొందరపడలేదు. వేలి కింద నరం తెలిసేదాకా ఆగి, అప్పుడు గుచ్చాడు. గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎక్కింది. బెంచీల మీద ఎవరూ నవ్వలేదు.

అతను దూది పెట్టి తలెత్తేసరికి ఐలమ్మ అప్పటికే చీర కొంగు సర్దుకుని, చెయ్యి చాపి కూర్చుంది.

"తప్పిందని నీ నోటితోనే అన్నవు బిడ్డా. మీ ఇంటోళ్ల నోట గా మాట నేనెన్నడూ ఇనలే. గుచ్చు."

ఆమెకు మొదటిసారే దొరికింది.

మధ్యాహ్నం రిపోర్టులు వచ్చాయి. ఐలమ్మకు పోయినసారి కన్నా నయంగానే ఉంది. అంజయ్య తన కాగితం చూసుకుని "నిన్న కోదాడల కోవా తిన్న, గందుకే గింత ఎక్కువొచ్చింది" అన్నాడు.

"ఇది నిన్నటి లెక్క కాదు సేటూ, మూడు నెలల షుగర్ చెప్తది" అంది కల్పన.

ఐలమ్మ మెడ చాచి అడిగింది. "ఏంది సేటూ, తేమున్నదా?"

అంజయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఉన్నది" అన్నాడు చిన్నగా.

"మరి సూస్తవేంది బిడ్డా, తరుగు తియ్యి. కోవాల తియ్యి" అంది ఐలమ్మ సాత్విక్‌తో. అందరికన్నా ఎక్కువగా నవ్వింది స్వరాజ్యలక్ష్మి.

ఆ పూట సెల్‌ఫోన్ షాపు పవన్ కూడా చొక్కా చెయ్యి పైకి మడిచి వరసలో నిలబడ్డాడు. ఇంటికి పోదాం రమ్మంటే అంజయ్య కదలలేదు. రెండు మోచేతుల దగ్గరా దూది పెట్టుకుని, బెంచీ మీద ఐలమ్మ పక్కన కూర్చుని, వచ్చిన వాళ్లందరికీ చెబుతూనే ఉన్నాడు.

"మా వోడు ఇప్పటిదాక ముగ్గురికి నెత్తురు తీసిండు. బోణీ నాదే."

"తప్పింది గూడ సెప్పు సేటూ" అంది ఐలమ్మ.

"సెప్తున్న గద" అన్నాడు అంజయ్య, దూది తీసి మొదటి చెయ్యి చూపిస్తూ. "ఇగో, గీడ తప్పిండు."