కాటా మీద దేశం

పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండని లూదియాకు ఆ పంద్రాగస్టు పొద్దున లోకంలో నచ్చనిదంటూ ఏమీ లేదు. నంద్యాలలో బస్సెక్కగానే మొగుడు నతానియేలు కిటికీ పక్క సీటు ఆమెకు వదిలేశాడు. అది నచ్చింది. దారిలో చిన్న జల్లు పడి, చీర కొంగు తడిసింది. అదీ నచ్చింది. ఆళ్ళగడ్డలో దిగి ఇంటికి పోయేసరికి అత్తగారు హన్నమ్మ వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు ముందు పెట్టింది. అది మరీ నచ్చింది. ఊరంతా కలిపి నచ్చనిది ఒక్కటే. శనక్కాయల వ్యాపారి చెన్నకేశవులు.

స్వాతంత్ర్యం వచ్చి ముప్పై ఏళ్ళయిందని ఆయన ఒక వేడుక తలపెట్టాడు. తన మండీలోని పెద్ద కాటాను తెచ్చి బడి ఆవరణలో వేలాడదీయించాడు. ఒక పళ్లెంలో దేశం గొప్పలు, ఇంకో పళ్లెంలో దేశం సిగ్గులు. మాట్లాడే ప్రతివారూ ఏదో ఒకటి చెప్పి తూకం వేయాలి. గొప్పకైతే తన మండీలోదే ఒక బెల్లం దిమ్మె. సిగ్గుకైతే ఒక గులకరాయి.

"సిగ్గుకు అంత బరువెందుకప్పా, చిల్లర సంగతులు కదా" అన్నాడట.

చివరి ఉపన్యాసం లూదియాది. చరిత్రలో బీయే చదివిన కోడలు ఊళ్ళో ఆమె ఒక్కతే కాబట్టి ఆడవాళ్ళ తరఫున మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో ఆమె అప్పటికే నిర్ణయించుకుంది.

నతానియేలు అన్న రాజరత్నం తాపీ పనివాడు. కిందటేడు, ఎమర్జెన్సీ రోజుల్లో, సంజామలలో పని ముగించుకుని బస్సులో వస్తుంటే ఒక జీపు అడ్డం వచ్చి ఆగింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల లెక్క చాలలేదు. జీపు ముందు సీట్లో కూర్చున్న చెన్నకేశవులు వేలు చూపించాడు, రాజరత్నాన్ని దించేశారు. అప్పటికి అతనికి పెళ్ళే కాలేదు. సాయంత్రానికి ఆపరేషన్ చేసి, చేతిలో ఒక ట్రాన్సిస్టర్ రేడియో పెట్టి పంపారు. రేడియో మీద ఆశతో వాడే పరుగెత్తుకుంటూ వచ్చాడని చెన్నకేశవులు ఊరంతా చెప్పాడు. జూపాడు బంగ్లాలోని కృపావతితో కుదిరిన పెళ్ళి ఆ మాటతోనే పోయింది.

ఆ పిల్ల మేనమామ యాకోబు ఆళ్ళగడ్డలోనే ఉంటాడు. "పిల్లలు లేకపోతే దేవుడున్నాడు గానీ, రేడియోకు ఆశపడినోనికి పిల్లనెట్లిస్తాం?" అని ఇంటికొచ్చి మరీ చెప్పిపోయాడు. కృపావతికి ఇంకా వేరే సంబంధం చూడలేదు. ఈ ఇంట్లో అందరి ఆశా దాని మీదే.

"ఆడ ఏం చెప్తాండావు అమ్మాయీ?" అంది హన్నమ్మ.

"జీపు సంగతి చెప్తా అత్తా."

"వద్దు తల్లీ. ఆయప్పకు పైన మనుషులుండారు. నీ మొగుని ఉద్యోగం యాడికి ఎత్తి పారేస్తాడో!"

లూదియా మొగుడి వైపు చూసింది. బడిపంతులు నతానియేలు బజ్జీ నమలడం ఆపి, "యాడికేస్తే ఆడికి పోదాం" అన్నాడు. ఆమెకు అతను ఇంకొంచెం నచ్చాడు.

రాజరత్నం తల ఎత్తలేదు. "నేను చెప్తే ఎవురూ నమ్మలే. నువ్వు చెప్తే ఇంటారేమో చూడమ్మా" అన్నాడు.

"ఆ రేడియో ఇస్తావా బావా?"

"తీస్కపో. నేనొక్క పొద్దు కూడా దాని చెవి తిప్పలేదు."

సభలో గొప్పలు జోరుగా పడ్డాయి. డెబ్భై ఒకటి యుద్ధం గెలిచాం, దిమ్మె. బాంబు పేల్చాం, దిమ్మె. ఆర్యభట్టను ఆకాశంలోకి పంపాం, దిమ్మె. సిగ్గులకు వచ్చేసరికి అన్నీ పరాయివాళ్ళు చేసిపోయినవే. జలియన్‌వాలాబాగ్ తెల్లవాడి పాపం, గులకరాయి. చైనా చేతిలో ఓటమి చైనావాడి మోసం, గులకరాయి. గొప్పలు మాత్రం ప్రతి ఒక్కటీ మనదే. వింటున్నకొద్దీ లూదియాకు కళాశాలలో మార్కులు రాని పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళూ తప్పంతా ప్రశ్నపత్రం మీదే తోసేవాళ్ళు.

తర్వాత చెన్నకేశవులు లేచాడు. ఎన్నికల తర్వాత ఆయన భుజం మీది కండువా రంగు మారింది. మనిషి మాత్రం అదే లావు. "ఢిల్లీలో ఎమర్జెన్సీ పెట్టినారు. దేశానికే తలవంపులు. ఆ దినాల్లో నేనెంత కుమిలిపోయినానో ఆ దేవునికే ఎరుక" అని కొత్త కండువాతో కళ్ళు తుడుచుకుని, ఉన్నవాటిలోకెల్లా చిన్న గులకరాయి ఏరి పళ్లెంలో వేశాడు.

లూదియా వేదిక ఎక్కింది. ముందు ఒక దిమ్మె తానే తీసి వేసింది.

"మొన్న మార్చిలో మనం ముద్ర వేసి ప్రభుత్వాన్ని దించినాం. ఒక్క కర్ర కూడా లేవలేదు. నాకు తెలిసి ఇంతకు మించిన గొప్ప లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. చెన్నకేశవులు అందరికన్నా గట్టిగా కొట్టాడు. అప్పుడామె సంచిలోంచి ట్రాన్సిస్టర్ తీసి రెండో పళ్లెంలో పెట్టింది.

"ఇది మా బావ రాజరత్నానికి ఇచ్చిన బహుమతి. అడగకుండా కోసినందుకు. అన్నా, ఢిల్లీ అంటిరే! జీపు ఢిల్లీ నుంచి దానంతటదే రాలేదు. ముందు సీట్లో కూర్చోని వేలు చూపినోళ్ళు ఆళ్ళగడ్డలోనే ఉండారు."

"ఏందమ్మాయ్ నువ్వనేది? వాడే వచ్చినాడు. రేడియో కోసం వచ్చినాడు!"

లూదియా పళ్లెం వైపు చూసింది. అది కదల్లేదు. ఇటు బెల్లం నేలకు ఆని ఉంది, అటు ట్రాన్సిస్టర్ గాలిలో ఊగుతోంది. ఆ ఊపు చూస్తే ఆమెకు భయం పోయి నవ్వొచ్చింది.

"చూడండి, ఇది పెట్టినా దిగలేదు. కాటా ఎవురిదో, తూకం కూడా వాళ్ళదే కదా. ఒక పని చేయన్నా. నువ్వొకసారి ఇందులో కూర్చో. అప్పుడన్నా దిగుతుందేమో చూద్దాం!"

ముందు వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆడవాళ్ళు నవ్వారు. చెన్నకేశవులు లావు, ఆ పళ్లెం, రెండూ కలిపి ఊహించుకుని సభంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే కండక్టర్ మద్దిలేటి లేచి నిలబడ్డాడు.

"నా బస్సులోంచే దించినారప్పా! నేను టికెట్ కొట్టిచ్చిన మనిషిని, మధ్యలో రెక్క పట్టుకోని దించినారు. ఈయప్పే చూపించినాడు. ఇన్నాళ్ళూ భయపడి చెప్పలే."

చెన్నకేశవులు కండువా దులుపుకుని, కరెంటు పోయిందేమో చూడమని మైకువాణ్ణి కసిరాడు. కరెంటు నిక్షేపంలా ఉంది. జనగణమన పాడించకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్టాండుకు రాజరత్నం వాళ్ళను సాగనంపడానికి వచ్చాడు. వెనకే యాకోబు వచ్చాడు.

"ఏందిరా, ఈ మాట నాకెందుకు చెప్పలే?"

"చెప్తిని మామా. నువ్వు ఇంటే కదా."

యాకోబు చూపు బస్సు చక్రం వైపు తిప్పుకున్నాడు. "ఆదివారం జూపాడు బంగ్లా పోతాండా. నువ్వూ రా. పిల్లే చెప్పనీ" అన్నాడు.

రాజరత్నం మెడలోని తుండుగుడ్డ తీసి మళ్ళీ వేసుకున్నాడు.

బస్సు కదిలాక నతానియేలు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. లోపల బెల్లం ముక్క.

"ఇది ఏ గొప్పలోది?" అంది లూదియా.

"ఆర్యభట్ట అనుకుంటా. కాదంటే బాంబు."

ఆమె కొరికి చూసింది. ఇసుక తగిలింది. దేశం గొప్పల్లో ఇసుక కలిపి అమ్మేవాణ్ణి తలచుకుని, కిటికీలోంచి తుపుక్కున ఉమ్మి, మిగిలిన ముక్క మొగుడి నోట్లో పెట్టింది.